ఆవకాయ సీసా, మోకాలి చిప్ప, 100 ఎంఎల్: విమానాశ్రయ తనిఖీల్లో ఏది ఉండాలి, ఏది పోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. పోయిన నెల మీ అమ్మగారిని శంషాబాద్ నుంచి దోహా మీదుగా డల్లాస్ పంపారు. ఆవిడకు 68 ఏళ్లు, కుడి మోకాలికి చిప్ప మార్పిడి ఆపరేషన్ అయింది. చేతి బ్యాగులో పెట్టుకున్న ఆవకాయ సీసా తీసేసుకున్నారు, చెప్పులు విప్పించి స్కానర్‌లో వేశారు, తెర వెనక్కి తీసుకెళ్లి మోకాలు తడిమి చూశారు. ఆవిడ చిన్నబుచ్చుకున్నారు. అమెరికాలో బూట్లు విప్పించడమే మానేశారు, చేతి బ్యాగులో ద్రవాలు 100 ఎంఎల్ లోపు సీసాల్లోనే ఉండాలన్న నిబంధనను కొన్నిచోట్ల ఎత్తేశారు, మరి మన దగ్గర ఇవన్నీ ఇంకా ఎందుకు, వీటిలో నిజంగా పనికొచ్చేవి ఎన్ని అని అడిగారు.

నేను 22 ఏళ్లు ఈ పనిలో ఉన్నాను. మొదట బేగంపేటలో ఒక విమాన సంస్థ తరఫున బ్యాగేజీ భద్రత చూశాను, 2008లో శంషాబాద్ మొదలయ్యాక అక్కడికి మారాను, చివరి ఎనిమిదేళ్లు ఎక్స్‌రే తెర ముందు కూర్చునే స్క్రీనర్లకు శిక్షణ ఇచ్చాను. ముందు సమాధానం చెప్పి, కారణాలు తర్వాత చెబుతాను.

అన్నీ అవసరం లేదు. అందరిచేతా బూట్లు విప్పించడం, గోళ్ల కత్తెర కోసం బ్యాగంతా బోర్లించడం, కాగితాల మీద ముద్రల మీద ముద్రలు వేయడం ఆపేస్తే విమానానికి వచ్చే ముప్పేమీ లేదు. 100 ఎంఎల్ నిబంధన పాత ఎక్స్‌రే ఉన్నచోట ఇంకా అవసరమే, బ్యాగును అన్ని కోణాల నుంచి చూసే సీటీ స్కానర్ వచ్చినచోట అక్కర్లేదు. ఒళ్లు తడిమి చూడటం కూడా అంతే, దాని స్థానంలో ఏ యంత్రం పెట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది. జనం అన్నిటికంటే ఎక్కువగా విసుక్కునే తనిఖీ ఒకటుంది. విమానం ఎక్కని ప్రయాణికుడి పెట్టెను కిందికి దించడం. దాన్ని మాత్రం ఎన్నటికీ ముట్టుకోకూడదు.

ఏ తనిఖీ గురించైనా నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే. దీన్ని తీసేస్తే, ఇది పట్టుకోవాల్సినదాన్ని ఇంకెవరు పట్టుకుంటారు? జవాబు ఉంటే తీసేయొచ్చు. లేకపోతే ఎంత చిరాకైనా ఉంచాల్సిందే.

మీ ఆవకాయతోనే మొదలుపెడతాను.

2006 ఆగస్టులో లండన్‌లో ఒక కుట్ర బయటపడింది. కూల్‌డ్రింక్ సీసాల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో చేసిన ద్రవ పేలుడు పదార్థం నింపి, అట్లాంటిక్ దాటే విమానాలను గాలిలో పేల్చేయాలన్నది పథకం. ఆ ఆలోచన అప్పుడే కొత్తగా పుట్టింది కాదు. 1994 డిసెంబర్‌లో ఫిలిప్పీన్ ఎయిర్‌లైన్స్ విమానంలో కాంటాక్ట్ లెన్స్ ద్రావణం సీసాలో దాచి తెచ్చిన నైట్రోగ్లిజరిన్ పేలి ఒక ప్రయాణికుడు చనిపోయాడు. 2006 తర్వాతే ప్రపంచమంతా 100 ఎంఎల్ సీసాలు, ఒక లీటరు పారదర్శక సంచి వచ్చాయి.

ఆ నిబంధన ఎందుకో తెలియాలంటే తెర ఎలా ఉంటుందో చూడాలి. మామూలు ఎక్స్‌రేలో సేంద్రియ పదార్థం నారింజ రంగులో కనబడుతుంది, లోహం నీలంలో, గాజు, ఉప్పు, అల్యూమినియం లాంటివి ఆకుపచ్చలో. కిరణాలు దాటలేనంత మందమైనది నల్లగా కనిపిస్తుంది. మీ అమ్మగారి సీసా తెర మీదికి వచ్చినప్పుడు చుట్టూ ఆకుపచ్చ గీత, లోపల నారింజ రంగు, పైన మూత దగ్గర చిన్న నీలం వలయం కనిపించి ఉంటాయి. అందులో ఉన్నది నువ్వుల నూనెలో ఊరిన మామిడి ముక్క అని ఆ నారింజ రంగు చెప్పదు. ఉన్నది సేంద్రియం అని మాత్రమే చెబుతుంది. నీళ్లూ అలాగే కనబడతాయి, పెరాక్సైడూ అలాగే కనబడుతుంది. తేడా తెలుసుకునే దారి లేదు కాబట్టి పరిమాణం మీద పరిమితి పెట్టారు. పచ్చడి, నెయ్యి, తేనె, టూత్‌పేస్ట్, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

ఘనపదార్థాల సంగతి వేరు. శిక్షణలో కొత్తవాళ్లకు నేను మొదట చూపించేది బెల్లం అచ్చు. నున్నటి అంచులు, ముదురు నారింజ రంగు, ఒకే మందం. దాని పక్కనే ప్లాస్టిక్ పేలుడు పదార్థం బొమ్మ పెట్టి ఏది ఏదో చెప్పమంటే చాలామంది తప్పు చెప్పేవారు. అందుకే సంక్రాంతికి ఊరి నుంచి తిరిగి వెళ్లేవాళ్ల బ్యాగులు ఎక్కువగా తెరుస్తారు. బెల్లం, హల్వా, పచ్చి ఖర్జూరం ముద్ద లాంటివాటి మీద నిషేధం లేదు. బ్యాగు తెరిచి చూస్తారు, గుడ్డ ముక్కతో తుడిచి పేలుడు పదార్థాల ఆనవాళ్లు పట్టే యంత్రంలో పెడతారు, వదిలేస్తారు.

సీటీ స్కానర్ వచ్చాక ఇది మారింది. ఆసుపత్రిలో సీటీ లాంటిదే ఇదీ. బ్యాగును అన్ని కోణాల నుంచి చూసి, ముక్కలు ముక్కలుగా సాంద్రత లెక్క కట్టి, సీసాలో ఉన్నది ఏ రకం పదార్థమో దాదాపు చెప్పేస్తుంది. అందుకే అది ఉన్నచోట ల్యాప్‌టాప్ బయటికి తీయక్కర్లేదు. బ్రిటన్‌లో ఎడిన్‌బరో లాంటి విమానాశ్రయాలు 2025లో 100 ఎంఎల్ పరిమితిని ఎత్తేయగలిగింది ఈ యంత్రాల వల్లే. అయితే ఇక్కడ ఒక సంగతి గమనించండి. యూరోపియన్ యూనియన్‌లో కొన్ని విమానాశ్రయాలు కొత్త స్కానర్లు పెట్టి పరిమితి ఎత్తేశాక, 2024 సెప్టెంబర్ 1 నుంచి దాన్ని మళ్లీ తెచ్చిపెట్టారు. యంత్రాల పనితీరు మీద సాంకేతిక సందేహం వచ్చిందన్నది కారణం. 2025లో పరీక్షలు దాటిన ఒక రకం స్కానర్‌కు మళ్లీ అనుమతి ఇచ్చారు. జనం తిట్టుకున్నా అలా వెనక్కి వెళ్లడాన్ని నేను సమర్థిస్తాను. యంత్రం పనిచేస్తోందని తేలాకే నిబంధన పోవాలి. యంత్రం కొన్నంత మాత్రాన సరిపోదు.

100 ఎంఎల్‌కు లోపాలు లేవని నేను అనను. నలుగురు తలా కొంచెం తెచ్చి లోపల కలుపుకోవచ్చన్న విమర్శ మొదటి నుంచీ ఉంది, అది సబబైనదే. ఆ నిబంధన పనిని కష్టం చేస్తుంది కానీ పూర్తిగా ఆపలేదు. పాత యంత్రం ఉన్నంతకాలం మనకున్నది అంతే.

బూట్లు. 2001 డిసెంబర్ 22న పారిస్ నుంచి మయామీ వెళ్తున్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ విమానంలో ఒకడు తన బూటులో దాచిన పేలుడు పదార్థాన్ని వెలిగించబోతే సిబ్బంది, ప్రయాణికులు కలిసి పట్టుకున్నారు. 2006 నుంచి అమెరికాలో అందరూ బూట్లు విప్పాల్సి వచ్చింది, 2025 జూలైలో ఆ నిబంధన తీసేశారు. మన దగ్గర అందరూ విప్పాలన్న నియమం ఎప్పుడూ అంత కచ్చితంగా లేదు. మందపాటి మడమ, లోపల ఇనుప పట్టీ ఉన్న బూట్లు, అనుమానం వచ్చినవి విప్పిస్తారు. అదే సరైన పద్ధతి. మీ అమ్మగారి చెప్పులు విప్పించింది బహుశా మోకాలి దగ్గర యంత్రం మోగడం వల్ల. కాలి వైపు మోగితే ముందు చెప్పు తీసి, అది కాదని తేల్చుకున్నాక పైకి వెళ్తారు.

ఇక ఆ తడిమి చూడటం. ఇది మీ అమ్మగారిని బాధపెట్టింది కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను.

మన విమానాశ్రయాల్లో గుమ్మం లాంటి మెటల్ డిటెక్టర్ మోగినా మోగకపోయినా ప్రతి ఒక్కరినీ చేతి డిటెక్టర్‌తో, చేత్తో తనిఖీ చేస్తారు. ఆ గుమ్మం లోహాన్నే పడుతుంది, పేలుడు పదార్థం లోహం కాదు. 2009 క్రిస్మస్ రోజున ఆమ్‌స్టర్‌డామ్ నుంచి డెట్రాయిట్ వెళ్లిన విమానంలో ఒకడు లోదుస్తుల్లో కుట్టుకుని తెచ్చిన పొడి ఏ మెటల్ డిటెక్టర్‌కూ దొరికేది కాదు. కాబట్టి బాడీ స్కానర్ లేనిచోట చెయ్యి తప్ప వేరే సాధనం లేదు. బాడీ స్కానర్ పెడితే తెర మీద ఒక మామూలు మనిషి బొమ్మ వస్తుంది, ఎక్కడ తేడా ఉందో అక్కడ మాత్రమే గుర్తు పడుతుంది. ఆ చోటు ఒక్కటీ చూస్తే చాలు. మన దేశంలో ముఖ్యమైన విమానాశ్రయాల్లో ఇవి పెట్టాలని విమానయాన భద్రత చూసే కేంద్ర సంస్థ బీసీఏఎస్ 2019లోనే ఆదేశించింది. పెట్టిన గడువు ఎప్పుడో దాటిపోయింది. నా మనసులోని మాట చెప్పమంటే, ఈ మొత్తం వ్యవస్థలో మార్చాల్సినవాటిలో మొదటిది ఇదే. రోజుకు వేలమంది ఒళ్లు తడిమే కానిస్టేబుల్ చేతికి సాయంత్రానికి స్పర్శ మొద్దుబారుతుంది. మా ఆవిడ మోకాలి ఆపరేషన్ తర్వాత మొదటిసారి విమానం ఎక్కినప్పుడు తెర వెనక నుంచి బయటికి వచ్చి, ఐదు నిమిషాలు మాట్లాడలేదు. లోపల ఆ అమ్మాయి చాలా మర్యాదగానే చూసిందట. అయినా ఆ ఐదు నిమిషాలు నాకు గుర్తున్నాయి.

గోళ్ల కత్తెరలు, చిన్న చాకులు. 2001 సెప్టెంబర్ 11న హైజాకర్లు వాడింది చిన్న కత్తులే. కానీ ఆ తర్వాత కాక్‌పిట్ తలుపులు తూటాలు దిగనంత గట్టివి పెట్టారు, లోపలి నుంచి తాళం పడుతుంది. ఇవాళ చిన్న కత్తెరతో విమానాన్ని దారి మళ్లించడం కుదరదు. మన దేశంలోపలి విమానాల్లో సిక్కు ప్రయాణికులు ఆరంగుళాల లోపు అలుగున్న కృపాణం వెంట ఉంచుకోవచ్చు. కత్తెర కోసం వెతికే ప్రతి నిమిషం స్క్రీనర్ దృష్టిలో నుంచి పోయే నిమిషం. తెర ముందు మనిషి 20 నిమిషాలకు మించి కూర్చోకూడదన్నది నియమం, ఎందుకంటే ఆ తర్వాత కన్ను చూస్తుంది కానీ బుర్ర చదవదు. అప్పుడప్పుడు యంత్రమే తెర మీదికి ఒక నకిలీ బాంబు బొమ్మను పంపి, స్క్రీనర్ పట్టుకున్నాడో లేదో లెక్క వేస్తుంది. 2015లో అమెరికాలో రహస్య పరీక్షకులు 70 సార్లు ప్రయత్నిస్తే 67 సార్లు నిషిద్ధ వస్తువులతో దాటిపోయారన్న వార్త వచ్చినప్పుడు మా తరగతిలో అందరూ నిర్ఘాంతపోయారు. మనిషి దృష్టికి హద్దుంది. దాన్ని కత్తెరల మీద ఖర్చు పెట్టొద్దనే నేను ఎప్పుడూ వాదించాను.

ఆ తలుపు గురించి మరొక మాట. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ కోపైలట్ కెప్టెన్‌ను బయటే ఉంచి తలుపు వేసుకుని విమానాన్ని ఆల్ప్స్ కొండకు కొట్టాడు. 150 మంది పోయారు. బయటివాణ్ని ఆపడానికి పెట్టిన తలుపే ఆ రోజు కాపాడేవాణ్ని ఆపింది. ఒక ముప్పును ఆపే ఏర్పాటు ఇంకో ముప్పుకు దారి తీస్తుందేమోనని ఎప్పటికప్పుడు తిరిగి చూసుకోవాలి.

ఇప్పుడు నేను తీయకూడదన్న తనిఖీ.

1985 జూన్ 22న కెనడాలోని వాంకోవర్‌లో ఒక వ్యక్తి కౌంటర్ దగ్గర గట్టిగా పట్టుబట్టి, తన పెట్టెను టొరంటో మీదుగా ఎయిరిండియా విమానానికి పంపించమన్నాడు. ఆ సీటు అతనికి ఖరారు కాలేదు. పెట్టె వెళ్లింది, అతను ఎక్కలేదు. టొరంటోలో చెకిన్ బ్యాగుల్ని చూసే ఎక్స్‌రే యంత్రం ఆ రోజు మధ్యలో పాడైతే, మిగతావాటిని చేతిలో పట్టుకునే పరికరంతో చూశారు. మర్నాడు ఐర్లాండ్ తీరానికి దగ్గర్లో, 31,000 అడుగుల ఎత్తున కనిష్క అనే ఆ ఎయిరిండియా విమానం పేలిపోయింది. 329 మంది. అదే రోజు అదే పద్ధతిలో పంపిన ఇంకో పెట్టె జపాన్‌లోని నరిటా విమానాశ్రయంలో పేలి ఇద్దరు లోడర్లను చంపింది. మూడేళ్లకు, 1988 డిసెంబర్‌లో, లాకర్‌బీ మీద పాన్ యామ్ విమానాన్ని కూల్చింది కూడా మనిషి లేకుండా వచ్చిన పెట్టే. అక్కడ 270 మంది పోయారు.

అందుకే మనిషి ఎక్కకపోతే అతని పెట్టె ఎగరకూడదు. ఇది కంప్యూటర్‌లో తేలిపోయే పని అనుకుంటారు. కాదు.

2011లో వానాకాలపు ఒక రాత్రి, గల్ఫ్ విమానం. తలుపులు మూసే వేళకు ఒక ప్రయాణికుడు తక్కువ. నిజామాబాద్ వైపు కుర్రాడు, మొదటిసారి దుబాయ్ వెళ్తున్నాడు, కాగితాలు సరిగా లేవని ఇమిగ్రేషన్‌లో ఆపేశారు. చెకిన్ అప్పటికే అయిపోయింది కాబట్టి లగేజీ విమానం కడుపులో ఉంది. రెండు డాగులు, అంటే రెండు సామాన్లు. ఒకటి అట్టపెట్టె. నులక తాడుతో నిలువుగా, అడ్డంగా నాలుగు చుట్లు చుట్టి, నాలుగు వైపులా నల్ల మార్కర్‌తో పేరు, ఊరు, మండలం తెలుగులో రాసి ఉంది. లోడర్లు టార్చి పట్టుకుని ట్యాగు చివరి నాలుగు అంకెలు చదువుకుంటూ నూట యాభై పెట్టెలు ఒక్కొక్కటి పక్కకు జరిపారు. వాన తడికి ఆ మార్కర్ అక్షరాలు కొంచెం కారాయి. 40 నిమిషాలు పట్టింది. పైన విమానంలో జనం సిబ్బంది మీద అరుస్తున్నారు, నాకు మాత్రం రెండో డాగు దొరికేవరకు చెయ్యెత్తి సరే అని చూపించే అధికారం లేదు. ఆ అట్టపెట్టెలో ఉన్నవి ఒక దుప్పటి, బియ్యం, కారప్పొడి. తెరిచి చూస్తే నాకే మనసు పట్టలేదు. అయినా ఆ రాత్రి మళ్లీ వస్తే మళ్లీ దింపిస్తాను. ఇమిగ్రేషన్ ఆపిందో, తనే వెనక్కి వెళ్లాడో, ఇంకేదైనా ఆలోచించాడో తెలుసుకునే మార్గం విమానం కింద నిలబడ్డవాడికి ఉండదు.

కాబట్టి ఈసారి కెప్టెన్ "ఒక ప్రయాణికుడి లగేజీ దించుతున్నాం, ఆలస్యానికి క్షమించండి" అంటే దయచేసి ఓపిక పట్టండి.

మీకు కనబడని మరో తనిఖీ కూడా ఇంతే ముఖ్యం. విమానాశ్రయంలో పనిచేసేవాళ్ల తనిఖీ. 2015 అక్టోబర్‌లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్ నుంచి బయల్దేరిన రష్యన్ విమానం గాలిలో విచ్ఛిన్నమై 224 మంది చనిపోయారు, బాంబు వల్లేనని రష్యా ప్రకటించింది, అది విమానాశ్రయం లోపలివాళ్ల చేతుల మీదుగా వెళ్లిందన్న అనుమానం వచ్చింది. ప్రయాణికుడి బెల్టు తీయించి, క్యాటరింగ్ బండిని చూడకుండా పంపితే ఏం లాభం?

తీసేసే విషయంలో మనవాళ్లు ఒక మంచి పని చేశారు, అది కూడా చెప్పాలి. హ్యాండ్ బ్యాగుకు కాగితం ట్యాగు కట్టి ముద్ర వేసేవాళ్లు గుర్తుందా? బేగంపేటలో ఆ ట్యాగు తెగిపడిపోతే బస్సు మెట్టు దగ్గర నుంచి మనిషిని వెనక్కి పంపేవాళ్లం, మళ్లీ వరుసలో నిలబడి ముద్ర వేయించుకురావాలి. చంకలో పసిపిల్లతో పరుగెత్తిన తల్లుల్ని చూశాను. ముందు కొన్నిచోట్ల ప్రయోగాత్మకంగా ఆపి చూసి, కెమెరాల నిఘా సరిచేసుకుని, 2017 ఏప్రిల్ 1 నుంచి హైదరాబాద్‌తో సహా ఏడు విమానాశ్రయాల్లో ఆ ముద్రలు ఎత్తేశారు. ఆపి చూడటం, సరిచేసుకోవడం, తీసేయడం, ఇదే పద్ధతి మిగతావాటికీ కావాలి. అలా జరగకపోవడానికి కారణం చెబుతాను. ఒక తనిఖీ పెట్టడానికి సంతకం చేసిన అధికారిని ఎవరూ నిలదీయరు. తీసేయడానికి సంతకం చేసినవాడికి మాత్రం రేపు ఏం జరిగినా వేలు తనవైపే వస్తుందన్న భయం ఉంటుంది. 2025 మేలో సరిహద్దు ఉద్రిక్తతల వేళ అన్ని విమానాలకూ మెట్ల దగ్గర రెండోసారి తనిఖీ పెట్టారు. అప్పుడు అది న్యాయమే. అలాంటి ఆదేశం వచ్చిన రోజే, దాన్ని తిరిగి సమీక్షించే తేదీ కూడా అందులో రాసి ఉండాలని నా అభిప్రాయం. పట్టు విడుపు కుదరదని కాదు. అయ్యప్ప భక్తుల ఇరుముడిలో కొబ్బరికాయను క్యాబిన్‌లోకి రానిచ్చేవారు కాదు, 2024 అక్టోబర్‌లో బీసీఏఎస్ దాన్ని ఎక్స్‌రే, ఆనవాళ్ల పరీక్ష, చేతి తనిఖీ చేసి వదలమని ఆ సీజన్‌కు, 2025 జనవరి 20 వరకు అనుమతి ఇచ్చింది. గడువు రాసి మరీ ఇచ్చారు.

కొన్ని విషయాల్లో ఇంకా కఠినంగా ఉండాలి కూడా. పవర్ బ్యాంకులు. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలో ఎయిర్ బుసాన్ విమానం ఎగరబోతుండగా పైన లగేజీ అరలో నిప్పు రాజుకుంది. విమానం కాలిపోయింది, లోపలున్న 176 మందీ బయటపడ్డారు. పవర్ బ్యాంకే కారణమై ఉండొచ్చని దర్యాప్తువాళ్లు చెప్పారు. అదే గాలిలో జరిగి ఉంటే? పవర్ బ్యాంకును చెకిన్ పెట్టెలో వేయకండి, పైఅరలో కూడా పెట్టకండి. కళ్లెదురుగా, సీటు ముందు జేబులోనో ఒళ్లోనో ఉండాలి. 100 వాట్ అవర్లు, అంటే సుమారు 27,000 ఎంఏహెచ్ దాటినది కొనకండి.

ఇక మీ అమ్మగారి తిరుగు ప్రయాణం సంగతి. పచ్చడి ఏదైనా చెకిన్ పెట్టెలోనే, మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో చుట్టి బట్టల మధ్య పెట్టించండి. నైట్రోగ్లిజరిన్ లాంటి గుండె మాత్రలు వాడుతుంటే అట్ట మీద పేరు కనిపించేలా ఉంచుకోమనండి, ఆనవాళ్ల యంత్రం ఒక్కోసారి వాటికీ మోగుతుంది. పొలంలో ఎరువు చల్లిన చేతులకూ మోగుతుంది, కంగారు పడక్కర్లేదు. డాక్టర్ ఉత్తరం ఉంటే మంచిదే, దాంతో తనిఖీ తప్పదు కానీ ఎందుకు మోగిందో వివరించే పని తప్పుతుంది. గుమ్మంలోకి అడుగు పెట్టకముందే "కుడి మోకాలిలో లోహం ఉంది" అని చెప్పమనండి. మోగాక చెప్పడం కంటే మోగకముందు చెప్పడం ఆవిడకూ, ఎదుట నిలబడ్డ అమ్మాయికీ తేలిక. డల్లాస్‌లో బాడీ స్కానర్ ఉంటుంది, రెండు చేతులూ పైకెత్తి మూడు సెకన్లు నిలబడాలి. చీర కుచ్చిళ్ల దగ్గర మడతలకు అది తరచుగా గుర్తు చూపిస్తుంది, మళ్లీ తడమాల్సి వస్తుంది. ఆవిడకు అభ్యంతరం లేకపోతే ఆ ఒక్క ప్రయాణానికి చుడీదార్ వేసుకోమనండి.